వార్షిక నివేదిక: కార్క్ హర్లింగ్‌తో మన ఏడాది

సభ్యులందరికీ నమస్కారం.

ఉగాది, బతుకమ్మ, దీపావళి ఎప్పటిలాగే బాగా జరిగాయి. జమాఖర్చులు విడిగా జతచేశాం. ఈ నివేదికలో ఎక్కువ చోటు కర్రలు, చిన్న బంతితో ఆడే ఐర్లండ్ ఆట హర్లింగ్‌కే ఇస్తున్నాను. మన పిల్లలు బడి నుంచి ఇంటికి తెచ్చే కబుర్లన్నీ ఇప్పుడు ఆ ఆట గురించే. వాళ్లు ఏం చెబుతున్నారో పెద్దలకూ తెలియాలని ఈసారి మన సమావేశాల్లో ఐర్లండ్‌లోని మన కార్క్ కౌంటీ (జిల్లా) క్లబ్బుల మధ్య జరిగే సీనియర్ ఛాంపియన్‌షిప్ చరిత్ర చెప్పుకున్నాం.

కార్క్ విమానాశ్రయం బయట క్రిస్టీ రింగ్ విగ్రహం ఉంది. మనలో చాలామంది సామాన్లు లాక్కుంటూ దాని పక్క నుంచే ఈ ఊళ్లోకి వచ్చాం, ఆయనెవరో అడగలేదు. క్లాయిన్ అనే చిన్న ఊళ్లో 1920లో పుట్టిన రింగ్, నగరంలోని గ్లెన్ రోవర్స్ తరఫున 14 సార్లు కౌంటీ టైటిల్ గెలిచారు. ఆ క్లబ్ 1934 నుంచి 1941 వరకు వరుసగా ఎనిమిదేళ్లు కప్పు వదల్లేదు.

ఈ పోటీ 1887లో మొదలైంది. హర్లింగ్‌ను నడిపే గేలిక్ అథ్లెటిక్ అసోసియేషన్ (జీఏఏ) పుట్టి అప్పటికి మూడేళ్లే. మొదట్లో కౌంటీ గెలిచిన క్లబ్బే ఆ కౌంటీ పేరుతో ఐర్లండ్ ఛాంపియన్‌షిప్‌కు వెళ్లేది. ఇప్పటిదాకా కార్క్‌లో ఎక్కువ టైటిళ్లు బ్లాక్‌రాక్‌వి, ముప్పైకి పైనే. 1977 ఫైనల్‌లో గ్లెన్ రోవర్స్‌ను సెయింట్ ఫిన్‌బార్స్ ఓడించినప్పుడు మైదానంలో 34,151 మంది ఉన్నారు. ఒకే నగరంలోని రెండు పేటల మధ్య మ్యాచ్‌కి అంతమంది! అదే ఫిన్‌బార్స్ 1993 తర్వాత మళ్లీ గెలవడానికి 2022 దాకా ఆగాల్సి వచ్చింది.

నన్ను బాగా కదిలించింది ఇమోకిలీ జట్టు. కింది స్థాయిలో ఆడే చిన్న క్లబ్బుల కుర్రాళ్లు కలిసి, తూర్పు కార్క్ ప్రాంతం పేరుతో సీనియర్ పోటీలో దిగుతారు. 2017 నుంచి 2019 దాకా వరుసగా మూడుసార్లు గెలిచారు. ఇంత ఆడినా ఎవరికీ జీతం లేదు. పొద్దున ఉద్యోగం, సాయంత్రం ప్రాక్టీసు.

దెబ్బలు తగులుతాయేమోనని తల్లిదండ్రుల టెన్షన్ నాకు తెలుసు, మా ఇంట్లోనూ ఉంది. 2010 నుంచి అన్ని వయసులవారికీ హెల్మెట్ తప్పనిసరి చేశారు. వచ్చే ఏడాది పిల్లల్ని మీ పేటలోని క్లబ్‌లో చేర్పించాలనుకునేవారు, ప్రాక్టీసుకు కారులో దింపిరాగలిగేవారు కమిటీకి పేర్లివ్వండి.

ఇట్లు,
కార్యదర్శి