వాయిదా పడితే పడనివ్వండి

సంపాదకులకు నమస్కారం.

బోయింగ్ కంపెనీ తెస్తున్న కొత్త ప్రయాణికుల విమానం 777-9 2027కి గానీ రాదని తేలినప్పటి నుంచి చర్చంతా కంపెనీ పరువు గురించే. ఈ ఆలస్యానికి 490 కోట్ల డాలర్ల భారం లెక్కల్లో రాసుకుందట, ఎయిర్‌లైన్స్ మండిపడుతున్నాయట. రేపు టికెట్ కొని అందులో కూర్చోబోయే వాళ్ల మాట మాత్రం పెద్దగా కనబడలేదు.

2020లో రావాల్సింది ఏడేళ్లు వెనక్కి పోయిందంటే తప్పు లేదనలేం. కానీ ఎక్కడెక్కడ ఆగిందో చూడండి. 2019 సెప్టెంబరులో బలం పరీక్ష చేశారు. వాడకంలో రాగల గరిష్ఠ భారానికి ఒకటిన్నర రెట్లు తట్టుకోవాలి. ఆ లక్ష్యంలో 99 శాతం దగ్గర బాడీ చీలింది. 2020 డిసెంబరులో ఒక టెస్ట్ ఫ్లైట్‌లో పైలట్ ప్రమేయం లేకుండానే విమానం ముక్కు కదిలింది. 2024 ఆగస్టులో ఇంజిన్‌ను పట్టి ఉంచే భాగాల్లో ఒకదానిలో పగుళ్లు కనబడి టెస్ట్ ఫ్లైట్లు ఆపేశారు. ఇవన్నీ ప్రయాణికులు ఎక్కకముందే బయటపడ్డాయి. పరీక్షలు పెట్టేదే అందుకు కదా!

అసలు చిక్కు 'వేరియంట్' అన్న పద్ధతిలో, అంటే పాత మోడల్‌నే మార్చి కొత్త రకంగా తేవడంలో ఉంది. 1995 జూన్‌లో యునైటెడ్ సంస్థ లండన్ నుంచి వాషింగ్టన్‌కు తొలి 777 నడిపింది. తర్వాత ఎక్కువ దూరం వెళ్లే 200ఈఆర్, పది మీటర్లు పొడవు పెంచిన 300, 2004లో పెద్ద ఇంజిన్లు, పొడిగించిన రెక్కలతో 300ఈఆర్, ఆపైన 200ఎల్ఆర్, సరుకు విమానం వచ్చాయి. ప్రతిసారీ తొలి మోడల్‌కు ప్రభుత్వం ఇచ్చిన భద్రతా అనుమతి పత్రానికే (సర్టిఫికెట్) సవరణ. ఇందులో మోసమేమీ లేదు. నిరూపించిన దాన్ని మళ్లీ మొదటి నుంచి నిరూపించనక్కర్లేదు, పైలట్లకూ కొత్త శిక్షణ తగ్గుతుంది.

అయితే 777-9 సంగతి వేరు. రెక్క కార్బన్ ఫైబర్‌ది, ఇంజిన్ కొత్తది. రెక్కలు చాపితే దాదాపు 72 మీటర్లు, ఇప్పుడున్న గేట్లలో పట్టదు. అందుకని దిగాక ఒక్కో కొన మూడున్నర మీటర్ల మేర పైకి మడుచుకుంటుంది. టేకాఫ్‌కు ముందు అది సరిగ్గా చాపుకుని తాళం పడిందో లేదో ఖాయంగా తెలియాలి. ఇంత మార్చినా ఇదీ పాత 777 సర్టిఫికెట్ కిందకే వస్తోంది.

1967 నాటి 737కి మ్యాక్స్ కూడా వేరియంటే. కొత్త సాఫ్ట్‌వేర్ ఒకటి పెట్టి, పైలట్ల మాన్యువల్‌లో దాని ఊసే ఎత్తలేదు. అదీ ఒక కారణమై 2018లో ఇండోనేషియాలో, 2019లో ఇథియోపియాలో మ్యాక్స్ విమానాలు కూలి, రెండింటిలో కలిపి 346 మంది పోయారు. ఆ తర్వాతే అమెరికా చట్టం మార్చి తనిఖీ బిగించింది. 777-9 ఆలస్యానికి ఆ బిగింపూ ఒక కారణం. అది సడలాలని మనం కోరుకోవాలా?

ఇంకో ముక్క. 777 తొలిరోజుల్లో ఎకానమీలో వరసకు తొమ్మిది సీట్లే ఎక్కువగా ఉండేవి. ఇప్పుడు చాలా సంస్థలు అదే వెడల్పులో పది ఇరికించాయి. దుబాయ్ మీదుగా అమెరికా వెళ్లే మనవాళ్ల మోచేతులకు ఇది బాగా తెలుసు. 777-9లో గోడలు పలచన చేసి లోపల ఓ పది సెంటీమీటర్లు పెంచారు. అంటే సీటుకు సెంటీమీటరు!

ఎయిర్ ఇండియా కూడా 2023లో పది 777-9 విమానాలకు ఆర్డర్ ఇచ్చింది. అమెరికా సర్టిఫికెట్ వచ్చాక మన విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ సాధారణంగా దాన్నే ఆధారం చేసుకుని ఆమోదిస్తుంది. ఈసారి మడిచే రెక్కలు, ఇంజిన్ బిగింపులు, కంట్రోల్ సాఫ్ట్‌వేర్, కనీసం ఈ మూడింటిలో తాము సొంతంగా ఏం పరిశీలించారో ఒక నివేదిక రాసి జనం ముందు పెట్టాలి. 2019 మార్చిలో అమెరికా కన్నా ముందే మ్యాక్స్‌ను ఆపిన సంస్థకు ఇది చేతకాని పనేం కాదు. మన ఎంపీలెవరైనా పార్లమెంటులో ఈ ప్రశ్న వేస్తే ఇంకా మంచిది.

ఇట్లు,
ఒక రిటైర్డ్ మెకానికల్ ఇంజినీర్,
విజయవాడ