ఆ పెద్దాయనకి టీ ఇవ్వాలా వద్దా

అక్కా,

బావగారి మోకాలు ఎలా ఉంది? నొప్పి తగ్గిందని ఫిజియో మానేస్తారేమో, మాననివ్వకు.

మొన్న ఫోన్లో నవ్వావుగా, "నర్సులకి నీతి కూడా క్లాసులో చెప్తారా?" అని. అవతల పిల్లల గోలలో సరిగ్గా చెప్పలేకపోయాను. లీడ్స్‌లో మా క్లాసు ఎలా జరుగుతుందో రాస్తాను, చదివాక నవ్వుకో.

ఎథిక్స్ కోసం మా నర్సింగ్ పిల్లల్ని విడిగా కూర్చోబెట్టం. ఒక్కో టేబుల్ దగ్గర నర్సింగ్, మెడిసిన్, ఫార్మసీ, స్పీచ్ థెరపీ చదివేవాళ్ళు కలిసి కూర్చుంటారు. వేర్వేరు వృత్తులవాళ్ళు ఒకరి గురించి ఒకరు, ఒకరి నుంచి ఒకరు, ఒకరితో ఒకరు నేర్చుకోవాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2010లో చెప్పింది. బాగానే ఉంది కానీ, మొదటి అరగంట మెడికోలే మాట్లాడతారు. మావాళ్ళు నోట్సు రాసుకుంటారు. రౌండ్స్‌లో కేస్‌షీట్లు పట్టుకుని డాక్టరుగారి వెనక నడిచే అలవాటు ఏ దేశంలోనైనా ఒకటే.

ఈసారి ఇచ్చిన కేసు మేం అల్లిందే. 84 ఏళ్ల పెద్దాయన, స్ట్రోక్ వచ్చి మింగడం కష్టమైంది. పల్చటివి తాగితే ఊపిరితిత్తుల్లోకి పోయి న్యుమోనియా రావచ్చని, పౌడర్ కలిపి చిక్కబరిచినవే ఇమ్మన్నారు. ఆయనకేమో మామూలు టీ కావాలి. చిక్కటిది ఇస్తే కప్పు నెట్టేస్తాడు.

వాదనకి ముందు ఆ పౌడర్ కలిపిన టీ అందరిచేతా తాగించాను. చల్లారిన గంజిలా చెంచాకి అంటుకుంటుంది. మెడికో ఒకడు రెండో గుక్క ముట్టలేదు. ఆ వెంటనే "మామూలు టీ ఇవ్వకూడదు, అంతే" అన్నదీ అతనే! అప్పుడు మా నర్సింగ్ అమ్మాయి ఒకతె నోరు విప్పింది: "ఆర్డరు రాసి మీరు వెళ్ళిపోతారు. రోజంతా ఆయన టీ అడిగేది నన్ను."

ఇంగ్లండ్‌లో 2005 నాటి మెంటల్ కెపాసిటీ చట్టం ఉంది. రోగి విషయం అర్థం చేసుకుని, ఆలోచించి చెప్పగలిగితే, తెలివితక్కువగా కనిపించినా ఆ నిర్ణయం ఆయనదే. దాంతో మా అమ్మాయిదే గెలుపు అనుకున్నారు. స్పీచ్ థెరపీ పిల్ల ఊరుకోలేదు. మాట తడబడుతున్న మనిషికి ప్రమాదం అర్థమైందని ఎలా తెలిసింది, బొమ్మలు చూపించి అడిగారా అంది. ఎవరికీ తట్టలేదది. ఫార్మసీ కుర్రాడు మాత్రల సంగతి ఎత్తాడు. మింగలేడని నెమ్మదిగా పనిచేసే మాత్ర నూరి ఇస్తే డోసంతా ఒకేసారి పడుతుంది. పైగా నిర్ణయం తీసుకోగల మనిషికి చెప్పకుండా తిండిలో మందు కలపడం ఇక్కడ కుదరదు. తాతయ్యకి అరటిపండులో మాత్ర దాచి పెట్టేవాళ్ళం, గుర్తుందా?

నర్సు ఒప్పు, డాక్టరు తప్పు అని నేర్పడం నాకిష్టం లేదు. ఒక్కొక్కరికీ ఒక్కోటి కనిపిస్తుంది, అది పైకి చెప్పకపోతే సూత్రాలు బట్టీపట్టి దండగ. ఇక్కడి స్టాఫర్డ్ ఆసుపత్రిలో రోగుల్ని గాలికొదిలేసిన ఘోరాలపై 2013లో వచ్చిన ఫ్రాన్సిస్ నివేదిక చూడు. అక్కడ చూసినవాళ్ళున్నారు, చెప్పినవాళ్ళూ ఉన్నారు. పట్టించుకున్నవాళ్ళే లేరు.

తర్వాతి క్లాసులో అరుణా శాన్‌బాగ్ సంగతి చెప్పాను. ముంబయి కె.ఇ.ఎం. నర్సు. 1973లో దాడి జరిగి, మెదడు దెబ్బతిని మంచాన పడినప్పటి నుంచి 2015లో పోయేదాకా ఆ ఆసుపత్రి నర్సులే చూసుకున్నారు. ఆహారం ఆపాలన్న పిటిషన్‌ను 2011లో సుప్రీంకోర్టు కొట్టేస్తూ, ఆమె తరఫున చెప్పదగినవాళ్ళు ఆసుపత్రి సిబ్బందే అంది. అన్నేళ్ళు సేవ చేసినవాళ్ళు ఆమె కోరికనీ తమ మమకారాన్నీ విడదీసి చూడగలరా అని పిల్లలు తెగ వాదించుకున్నారు. నాకూ తేలలేదు. కానీ సుప్రీంకోర్టు విన్న నర్సు మాట, మన వార్డుల్లో రౌండ్స్ అప్పుడు ఎవరైనా అడుగుతున్నారా? అది నువ్వే చెప్పాలి.

వచ్చే టర్ముకి నాకు ఒక కేసు కావాలి. "నాన్నకి క్యాన్సర్ అని చెప్పొద్దు సిస్టర్" అని కొడుకులు నిన్ను పక్కకి పిలిచి బతిమాలేవాళ్ళని చెప్పేదానివి. అలాంటిది ఒకటి, పేర్లూ ఊళ్ళూ లేకుండా రాసి పంపు. వాళ్ళకి నువ్వేం చెప్పావో, పెద్దాయన నిన్నే అడిగితే ఏమన్నావో కూడా రాయి. వాయిస్ మెసేజ్ పెట్టకు తల్లీ, కాగితం మీద కావాలి.

అమ్మ బీపీ మాత్ర మర్చిపోకుండా చూడు.

నీ చెల్లి