సినిమా పేజీలో డూప్ పేరు కూడా వెయ్యండి సార్

ఎడిటర్ గారికి నమస్కారం,

పోయిన ఆదివారం మీ సినిమా పేజీలో 1941 నాటి హాలీవుడ్ సినిమా 'సన్ వ్యాలీ సెరినేడ్' గురించి వేసిన వ్యాసం చదివాను. బాగుంది, సోన్యా హేనీ ఫోటో తెలుగు పేపర్లో అంత పెద్దగా వస్తుందని నేనైతే అనుకోలేదు. కానీ అరపేజీ వ్యాసం మొత్తం వెతికినా సోన్యా, హీరో జాన్ పేన్, బ్యాండ్ లీడర్ గ్లెన్ మిల్లర్ తప్ప ఇంకో మనిషి పేరు కనపడలేదు, అదే నాకు నచ్చలేదు, అందుకే ఈ ఉత్తరం.

సోన్యా గొప్పతనం తక్కువ చెయ్యట్లేదండి. నార్వే అమ్మాయి, మంచు మీద స్కేటింగ్ ఆవిడ ఆట, 11 ఏళ్ళకే 1924 షామొనీ వింటర్ ఒలింపిక్స్‌కి వెళ్ళి ఆఖరి స్థానంలో నిలిచింది, తర్వాత 1928, 1932, 1936 మూడు ఒలింపిక్స్‌లో వరసగా బంగారు పతకాలు, వరల్డ్ ఛాంపియన్‌షిప్ పదిసార్లు. ఆ తర్వాత హాలీవుడ్‌కి వచ్చి ఫాక్స్ కంపెనీలో స్టార్ అయిపోయింది. నటన గురించి అడక్కండి, స్కేట్స్ కట్టుకుంటే మాత్రం ఆవిడకి ఎదురులేదు. ఈ సినిమా చివర్లో నేలకి నల్లరంగు వేసి, మంచు మీద ఆవిడ నీడ కూడా అద్దంలో లాగా కనపడేట్టు తీశారు చూడండి, ఇవాళ్టి గ్రాఫిక్స్ కూడా దాని ముందు వెలవెలబోతాయి.

కానీ అదే సినిమాలో కొండమీద నుంచి స్కీయింగ్ చేస్తూ దూసుకొచ్చేది సోన్యా కాదు. అది గ్రెచెన్ ఫ్రేజర్ అనే ఆవిడ, మన భాషలో చెప్పాలంటే డూప్. ఏదో స్టంట్ ఆర్టిస్టులే అనుకునేరు, ఈవిడే 1948లో సెయింట్ మోరిట్జ్ ఒలింపిక్స్‌లో స్లాలమ్‌లో, అంటే జెండాల మధ్య మెలికలు తిరుగుతూ దిగే స్కీయింగ్ పోటీలో, గోల్డ్ కొట్టింది, స్కీయింగ్‌లో అమెరికాకి వచ్చిన మొదటి ఒలింపిక్ గోల్డ్ అదే. అంటే ఒక ఛాంపియన్‌కి ఇంకో ఛాంపియన్ డూప్ అన్నమాట! ఇంత మంచి విషయం వదిలేసి మీ వ్యాసంలో "మంచుకొండల మీద సోన్యా విన్యాసాలు" అని రాస్తే ఎట్లా సార్?

ఇంక పాట సంగతి. సినిమాలో బ్యాండ్ సింగర్‌గా వేసిన లిన్ బారి "ఐ నో వై" పాట పాడినట్టు కనపడుతుంది కదా, ఆ గొంతు ప్యాట్ ఫ్రైడే అనే గాయనిది. ప్లేబ్యాక్ మనకి కొత్త కాదు, పాడినవాళ్ళ పేర్లు పోస్టర్ల మీద వేసుకుంటాం, కానీ ఆ అలవాటు మన దేశంలో కూడా ఊరికే రాలేదు. 1949లో హిందీ సినిమా 'మహల్' పాట రికార్డు మీద లతా మంగేష్కర్ పేరుకి బదులు సినిమాలో హీరోయిన్ పాత్ర పేరు 'కామిని' అని అచ్చేశారు. సొమ్మొకడిది సోకొకడిది అంటారే, అదీ సంగతి.

అన్నిటికన్నా నాకు కష్టంగా అనిపించింది ఇదే సినిమాలోని "చట్టనూగా చూ చూ" పాట గురించి మీరు రాసిన పేరా. ఆ పాట రికార్డు పన్నెండు లక్షల కాపీలు అమ్ముడుపోయిందని 1942 ఫిబ్రవరి 10న గ్లెన్ మిల్లర్‌కి బంగారు పూత పూసిన డిస్కు ఇచ్చారు, గోల్డ్ డిస్క్ అనే పద్ధతికి అదే మొదలు, ఇదంతా రాశారు, సంతోషం. మరి ఆ పాటలో రైలు సెట్ ముందు డ్యాన్స్ చేసిన ముగ్గురి మాట ఒక్క లైనైనా లేదేం? నికోలస్ బ్రదర్స్ అంటారు, నల్లజాతి అన్నదమ్ములు ఫయార్డ్, హెరాల్డ్, వాళ్ళతో డొరొతీ డాండ్రిడ్జ్. ఈ డొరొతీయే తర్వాత 'కార్మెన్ జోన్స్'తో బెస్ట్ యాక్ట్రెస్ ఆస్కార్‌కి నామినేట్ అయిన మొదటి నల్లజాతి నటి. అన్నదమ్ముల డ్యాన్స్ చూస్తే కాళ్ళకి ఎముకలున్నాయా లేవా అని డౌటొస్తుంది, సినిమా మొత్తంలో నేను మళ్ళీ మళ్ళీ వెనక్కి తిప్పి చూసేది ఆ ముక్కే.

ఇంకో సంగతి గమనించండి, ఆ ముగ్గురూ కథలో ఎక్కడా ఉండరు. పాటలో వస్తారు, చేస్తారు, వెళ్ళిపోతారు, సోన్యాతో గానీ హీరోతో గానీ సీను లేదు. ఎందుకంటే అప్పట్లో అమెరికా దక్షిణాది రాష్ట్రాల్లో నల్లవాళ్ళు కనపడే ముక్కల్ని కోసేసి సినిమా వేసే థియేటర్లు ఉండేవి, వాటి గొడవ లేకుండా కత్తిరించినా కథ తెగకుండా స్టూడియోలు ముందే అట్లా ప్లాన్ చేసి తీసేవి. అప్పుడు కత్తెరతో తీశారు, ఇప్పుడు మీ పేపర్లో కత్తెర లేకుండానే తీసేశారు. కోపంతో అంటున్నాను అనుకోవద్దు, కానీ ఆ మాటే నిజం.

స్టార్ గురించైనా పూర్తిగా రాశారా అంటే అదీ లేదు. సినిమాలో ఆవిడ వేసింది యుద్ధం నుంచి పారిపోయొచ్చిన నార్వే శరణార్థి వేషం, పబ్లిసిటీ కోసం బ్యాండ్ వాళ్ళు ఒక చంటిపిల్లని దత్తత తీసుకుంటాం అంటే పెళ్ళీడుకొచ్చిన పిల్ల దిగుతుంది, అదీ కామెడీ. బయట చూస్తే 1936లో బెర్లిన్‌లో హిట్లర్‌కి సెల్యూట్ కొట్టిందని సొంత దేశం పేపర్లే ఆవిణ్ణి తిట్టాయి, నార్వేలో ఆవిడ ఇంట్లో హిట్లర్ సంతకం పెట్టిన ఫోటో ఉండేది. శరణార్థి వేషానికీ ఆ ఫోటోకీ పొసగదు కదా, మరి పాఠకుడికి ఆ రెండూ తెలియాలా వద్దా?

ఇదేదో అమెరికా గొడవ, ఎనభై ఏళ్ళ నాటిది, మనకెందుకు అనుకుంటారేమో. మన టీవీ చానెళ్ళలో పాత తెలుగు సినిమా వేసినప్పుడు చూడండి, టైటిల్స్ సగంలో యాడ్ పడుతుంది, యాడ్ అయ్యేసరికి మొదటి సీను నడుస్తుంటుంది, డ్యాన్స్ మాస్టరు, ఫైట్ మాస్టరు, కోరస్ పాడినవాళ్ళు అందరూ ఆ యాడ్ కింద గల్లంతు. పాటలు కూడా రెండో చరణం దాకా రానివ్వరు. ఓటీటీ వాళ్ళైతే టైటిల్స్ దాటెయ్యడానికి ఒక బటనే పెట్టారు. కాబట్టి మిగిలింది మీలాంటి పేపర్లే. పాత సినిమా మీద వ్యాసం వేసినప్పుడల్లా పక్కన చిన్న బాక్సు కట్టి పాడినవాళ్ళు, డ్యాన్స్ చేసినవాళ్ళు, డూపులు, తెలిసినంతవరకు పేర్లు వెయ్యండి. చానెళ్ళ వాళ్ళకి కూడా టైటిల్స్ కొయ్యొద్దని మీ సంపాదకీయంలో ఒకసారి గట్టిగా రాయండి, మేం చెప్తే ఎవరు వింటారు, మీరు రాస్తే కాస్త కదులుతారు.

ముందు ఈ సినిమాతోనే మొదలుపెట్టండి. వచ్చే ఆదివారం అదే పేజీలో గ్రెచెన్ ఫ్రేజర్, ప్యాట్ ఫ్రైడే, ఫయార్డ్ నికోలస్, హెరాల్డ్ నికోలస్, డొరొతీ డాండ్రిడ్జ్ ఈ అయిదు పేర్లూ వేస్తారని అనుకుంటున్నాను. జాగా లేకపోతే సోన్యా ఫోటో కాస్త చిన్నది చెయ్యండి, పర్లేదు.

ఇట్లు,
పాత సినిమాల పిచ్చి ఉన్న మీ పాఠకురాలు,
విజయవాడ