కంప్యూటర్ పేపర్ పాసైనా కూడిక రాదు

బీఏ, బీకాం, బీఎస్సీ విద్యార్థులకు చెప్పే ప్రాథమిక కంప్యూటర్ కోర్సు మా ప్రాంతంలో చాలాచోట్ల నోట్సు బట్టీకే పరిమితమవుతోంది. నల్గొండలో ఇంటర్నెట్ సెంటర్ నడుపుతున్న నేను రోజూ చూస్తున్నదే ఇది. ఆ పేపర్ పాసైన పిల్లలే ఉద్యోగ దరఖాస్తుకు ఫొటోను 50 కేబీకి తగ్గించమని, మెమోలన్నీ ఒకే పీడీఎఫ్‌గా చేయమని నాకు డబ్బులిస్తున్నారు. నా గల్లాపెట్టెకు మంచిదే గానీ, ఇదేం చదువు? కంప్యూటర్ మెమరీ రకాలైన ర్యామ్‌కూ రోమ్‌కూ తేడా అడిగితే గడగడా అప్పజెబుతారు. ఎక్సెల్‌లో ఒక వరుస అంకెలు కూడమంటే మాత్రం ఫోనులో కాలిక్యులేటర్ తెరిచి, వచ్చిన మొత్తాన్ని అక్కడ టైపు చేస్తారు! మహాత్మా గాంధీ, పాలమూరు విశ్వవిద్యాలయాలు చొరవ తీసుకుని, ఈ కోర్సులో సగానికి పైగా మార్కులను కంప్యూటర్ ముందు కూర్చుని చేసి చూపే పనికే కేటాయించాలి. అభ్యాసాలు వారి సబ్జెక్టులోంచే ఇవ్వాలి. కెమిస్ట్రీ విద్యార్థి తన మండలంలోని బోరు నీళ్ల వివరాలు పట్టికలో వేసి, ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాముల పరిమితి ఎక్కడెక్కడ దాటిందో వేరుచేసి చూపాలి. కామర్స్ వారికి మార్కెట్ యార్డు ధాన్యం ధరలున్నాయి. వచ్చే విద్యా సంవత్సరం ప్రశ్నపత్రాలు అచ్చుకు వెళ్లకముందే ఈ మార్పు జరగాలి.

– ఒక ఇంటర్నెట్ సెంటర్ నిర్వాహకుడు, నల్గొండ