సిటీ రోడ్డు నుంచి అమ్మకు

లండన్,
ఆదివారం సాయంత్రం

అమ్మా, నాన్నా,

ప్రభువు నామంలో వందనాలు. నేను బాగున్నాను. డ్యూటీలు ఎప్పటిలాగే ఉన్నాయి, ఈ వారం మూడు నైట్లు పడ్డాయి, అంతే. పంపిన డబ్బు అందిందా? తమ్ముణ్ణి ఒక మెసేజ్ పెట్టమను.

మొన్న ఫోన్‌లో "గుడికి పోతున్నావా, పడుకుంటున్నావా" అని అడిగావు. పిన్ని ఏదో అని ఉంటుంది, నాకు తెలుసు. నైట్ దిగి వచ్చిన ఆదివారం నిజంగానే పడుకుంటానమ్మా, కాళ్లు నిలవవు. అంతమాత్రాన దేవుణ్ణి మరిచిపోయినట్టు కాదు. ఇది ఫోన్‌లో చెబితే నువ్వూ ఏడుస్తావు, నేనూ ఏడుస్తాను. అందుకే రాస్తున్నాను.

సెలవు రోజుల్లో నడకకు వెళ్తున్నాను. ఒక్కదాన్నే అని టెన్షన్ పడకు, పగటిపూటే. మా గది నుంచి ఇరవై నిమిషాలు నడిస్తే సిటీ రోడ్డు. అక్కడ జాన్ వెస్లీ గారి చర్చి ఉంది. మెథడిస్టు సంఘాన్ని మొదలుపెట్టారని అయ్యగారు ప్రసంగాల్లో ఎన్నోసార్లు చెప్పిన వెస్లీ గారే! 1778లో తెరిచారట. ఆరాధనకు ఘనా వాళ్లు, నైజీరియా వాళ్లు చాలామంది వస్తారు, పాట ఎత్తుకుంటే మన గుడే గుర్తొస్తుంది. ముందు ఆయన విగ్రహం, దాని కింద రాతిమీద ఒక మాట. మన భాషలో చెప్పాలంటే "లోకమంతా నా పాస్టరేటే" అని, అంటే లోకమంతా తను చూసుకోవాల్సిన సంఘమే అని. అది చదివి అక్కడే నిలబడిపోయాను. ఆ వెస్లీ గారి సంఘం పంపితేనే కదా పాస్నెట్ దొరగారు మెదక్ వచ్చింది. కరువులో పని చూపించి మన గుడి కట్టించింది, అమ్మమ్మ వాళ్ల నాన్న రాళ్లు మోసి ఇంటికి గింజలు తెచ్చింది. 1924 క్రిస్మస్ నాడు గుడి ప్రతిష్ఠ జరిగిందని అమ్మమ్మ ఎన్నిసార్లు చెప్పిందో.

చర్చి పక్కనే ఆయన ఉన్న ఇల్లు. పడకగదిని ఆనుకుని ప్రార్థన గది, మన స్టోరు గదంత కూడా ఉండదు. ఒక కిటికీ, చిన్న బల్ల, మోకరించడానికి పీట. ఆయన తెల్లవారుజామున నాలుగింటికే లేచేవారట, నీలాగే.

కానీ నేను ఎక్కువసేపు కూర్చునేది రోడ్డు అవతల. బన్‌హిల్ ఫీల్డ్స్ అని పాత సమాధుల తోట. 1854లోనే అక్కడ కొత్త సమాధులు ఆపేశారు. పెద్ద పెద్ద చెట్లు, నాచు పట్టి ఒరిగిపోయిన రాళ్లు, మధ్యాహ్నం ఆఫీసు వాళ్లు బల్లల మీద కూర్చుని అన్నాలు తింటారు. వెస్లీ గారి తల్లి సుసన్నా అక్కడే ఉంది. 1742లో పోయింది. పందొమ్మిది మంది పిల్లల్ని కన్నది, తొమ్మిది మంది పసితనంలోనే పోయారు. ఇంటి నిండా పిల్లలు, ప్రార్థనకు చోటెక్కడ? ఏప్రాన్ ఎత్తి తలమీద కప్పుకునేదట, అప్పుడు పిల్లలెవరూ కదిలించేవారు కాదట. నువ్వు పొయ్యి ముందు కొంగు తలమీదికి లాక్కుంటే నేనూ తమ్ముడూ గడప దగ్గరే ఆగిపోయేవాళ్లం కదా, అదే కళ్ల ముందు కనపడింది.

కొడుకు 1791లో పోతే ఆయన్ని చర్చి వెనకాల పాతిపెట్టారు. తల్లికీ కొడుక్కీ మధ్య ఒక్క రోడ్డు, దాని మీద ఎర్ర బస్సులు.

ఆయన తల్లిని మట్టి చేసినరోజు ఆ సమాధుల తోటలోనే నిలబడి వాక్యం చెప్పారు. నేను అమ్మమ్మకు గుప్పెడు మన్ను కూడా వేయలేకపోయాను. సెలవు అడిగానమ్మా, రెండుసార్లు అడిగాను. మామయ్య అన్నట్టు డబ్బు చూసుకుని ఆగలేదు. వీడియోలో పెట్టె దించేటప్పుడు నెట్ ఆగిపోయింది, తెర మీద పిన్ని చేతిలో బంతిపూలు అలాగే నిలిచిపోయాయి. ఆ బల్ల మీద కూర్చుంటే అమ్మమ్మ దగ్గర కూర్చున్నట్టు ఉంటుంది. ఆమె కీర్తన ఒకటి మెల్లగా పాడుకుని లేస్తాను.

షుగర్ గోళీలు మానకు. నాన్న మోకాలి ఎక్స్‌రే తీయించారా? ఇక్కడ చలి మొదలైంది, నువ్వు అల్లిన స్వెటరే వేసుకుంటున్నాను.

అమ్మమ్మ సమాధికి రాయి ఇంకా చెక్కించలేదు కదా? పేరూ సంవత్సరాలూ చాలని మామయ్య అంటున్నాడట. చాలవమ్మా. ఫలానా వాళ్ల కూతురు అని వాళ్ల నాన్న పేరు కూడా ఉండాలి, ఆయన మోసిన రాయి మీద ఆయన పేరు లేదు కదా. ఖర్చు నేను పంపుతాను. కొలతలు తీసి తమ్ముణ్ణి ఫోటో పెట్టమను.

మీ
చిన్ని