పండ్ల ఫొటోలు అడిగినవ్ గదా బిడ్డా

బిడ్డా, నువ్వు ఫోన్ల చెప్పినప్పుడు నేను టీకాల డ్యూటీల ఉన్న, సగమే విన్న, అందుకే ఇప్పుడు కూసోని రాస్తున్న, జర పొడుగైతది, నీ ఫ్రెండ్సుకు గూడ చదివి వినిపియ్యి. మీ టీం పోటీకి చేసే యాప్ కోసం మా సబ్ సెంటర్ ఊర్లల్ల పిల్లల పండ్ల ఫొటోలు తీసి ఆన్‌లైన్ల పెడ్తరు, దేశంల ఎవ్వరైనా చూసి ఇది ఫ్లోరోసిస్ (నీళ్లల్ల ఫ్లోరైడ్ ఎక్కువై పండ్లు, ఎముకలు పాడయ్యే జబ్బు), ఇది కాదు అని గుర్తు పెడ్తరు, ఆ గుర్తులతోని కంప్యూటర్‌కు నేర్పిస్తరు, గంతే గదా. నేను వద్దంటలేను. ఐడియా మంచిదే.

నువ్వు చెప్పిన ఫోల్డిట్, గదే కంప్యూటర్ల ప్రొటీన్లను మడతపెట్టే ఆట, ఆ ముచ్చటైతే మస్తు నచ్చింది. కోతులకు ఎయిడ్స్ లాంటి జబ్బు తెచ్చే వైరస్‌ల ఒక ప్రొటీన్ ఎట్ల మడతపడి ఉంటదో సైంటిస్టులకు పదేండ్లకు పైన దొరకలేదట, 2011ల ఆ ఆట ఆడేటోళ్లు మూడు వారాలల్ల పట్టేసిన్రట, వాళ్లల్ల శానామందికి బయోకెమిస్ట్రీ అంటేనే తెల్వదట. కానీ ఒక్కటి ఆలోచించు, అక్కడ మడత మంచిగ పడ్డదా లేదా స్కోరు చెప్తది. పండ్ల ఫొటో చూసి ఎవరో ఢిల్లీల కూసున్న పోరడు ఫ్లోరోసిస్ అని నొక్కిండనుకో, కరెక్టా కాదా ఎవరు చెప్పాలె? 2019ల అరవింద్ కంటి ఆసుపత్రోళ్లు షుగర్ పేషంట్ల కంటి ఫొటోలు, కంప్యూటర్‌తోని జబ్బు గుర్తువట్టే పోటీకి పెట్టినప్పుడు ముందుగాల డాక్టర్లు చూసి గ్రేడ్ ఇచ్చినంకనే పెట్టిన్రు. మీరు గూడ ఒక డెంటల్ డాక్టర్ని వెతుక్కోండ్రి, కనీసం కొన్ని ఫొటోలకైనా.

ఎందుకంటే మన దిక్కు గుట్కా మరక, తంబాకు మరక గూడ గోధుమ రంగులనే ఉంటయ్. ఫ్లోరైడ్‌దైతే మొదాల పన్ను సున్నం కొట్టినట్టు తెల్లగైతది, తర్వాత పసుపు, గోధుమ గీతలు అడ్డంగ వస్తయ్, రెండు దిక్కుల జోడు పండ్ల మీద ఒక్క తీరుగ ఉంటయ్, ఎంత తోమినా పోవు. ఇంకోటి, ఆ మరక పడేది పన్ను లోపల తయారయ్యేటప్పుడు, అంటే చిన్నతనంలనే, ఎనిమిదేండ్లు దాటినంక వచ్చి ఈ నీళ్లు తాగినోళ్లకు పండ్ల మీద పెద్దగ కనవడది. అందుకే ఫొటో కింద పుట్టినూరు, చిన్నప్పుడు ఏ బోరు నీళ్లు తాగిన్రు అని రాయకుంటే ఆ ఫొటో దేనికి పనికొస్తది చెప్పు. మన నల్గొండ జిల్లా మర్రిగూడ దిక్కుకు వేరే జిల్లా నుంచి వచ్చిన కోడండ్లున్నరు, పండ్లు తళతళ మెరుస్తయ్, మెడ మాత్రం తిరగది. నేను వాళ్లతోని మూడు పనులు చేపిస్త, మోకాళ్లు మడవకుంట వంగి కాలివేళ్లు ముట్టుకొమ్మంట, గదవ ఛాతీకి ఆనించమంట, చేతులు చాపి మడిచి తల ఎనుక పెట్టుకొమ్మంట. మూడోదాంట్లనే శానామంది ఆగిపోతరు. మీ యాప్ల వాళ్ల లెక్క యాడ ఉన్నది?

అసలు నా బాధ గిదే. జవాబులు వెయ్యిమందిని అడుగుతరు గానీ ప్రశ్న మాత్రం నలుగురే కూసోని రాస్తరు. నల్గొండ టెక్నిక్ సంగతి చూడు, నాగపూర్‌ల నీరీ అనే పర్యావరణ పరిశోధన సంస్థోళ్లు 1970లల్ల తెచ్చిన్రు, పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ కలిపి కలియబెట్టి తేరనిస్తే ఫ్లోరైడ్ దిగుతది, మన జిల్లా పేరుతోని బయటి దేశాలల్ల గూడ పాఠం చెప్తరు. సైన్సు పక్కా. కానీ పటిక ఎంతెయ్యాలె అన్నది ఒక్కో బోరు నీళ్లకు ఒక్కో లెక్క, రోజూ బకెట్ల కలియబెట్టాలె, గంట ఆగాలె, అడుగున దిగిన మడ్డి యాడ పారబొయ్యాలె, ఇవన్ని పొద్దుగాల కూలికి పోయే ఆడామెనే చెయ్యాలె. ముందుగాల ఆమెను అడిగి ఉంటే ప్రశ్నే మారేది, నీళ్లల్లకెల్లి ఫ్లోరైడ్ ఎట్ల తియ్యాలె అని కాదు, నేను పనికి పోయినా గూడ అయ్యేటట్టు ఎట్ల తియ్యాలె అని. ఇప్పుడు కృష్ణా నీళ్లు వస్తున్నయ్ గని నల్లా రాని రోజు మళ్ల బోరే దిక్కు. వంగిన ఎముకైతే ఎన్ని నీళ్లు మార్చినా తిరిగి నిటారు కాదు.

ఇంగ్లండోళ్లు 2014ల లాంగిట్యూడ్ ప్రైజ్ అని, పెద్ద సమస్యకు దారి కనిపెట్టినోళ్లకు ఇచ్చే బహుమతి పెట్టినప్పుడు ఆరు సమస్యలు ముందర పెట్టి ఏది కావాలె అని జనంతోని ఓటేయించిన్రు, యాంటీబయోటిక్‌లు పనిచెయ్యకుంట పోవుడు గెలిచింది, పదేండ్లకు 2024ల మూత్రంల ఇన్‌ఫెక్షన్ చూసి ముప్పావు గంటల ఏ మందు పనిచేస్తదో చెప్పే టెస్ట్‌కు ఎనబై లక్షల పౌండ్లు ఇచ్చిన్రు. గట్ల ప్రశ్నను గూడ జనానికి వదలాలె.

ఇగ మనోళ్లది, మన దేశ సర్కారు సైన్సు పరిశోధన సంస్థ సీఎస్ఐఆర్ 2008ల టీబీ మందు కోసం పెట్టిన ఓపెన్ సోర్స్ పని, అందుల కాలేజీ పిల్లలు కూసోని టీబీ క్రిమి నాలుగు వేల జీన్ల మీద పేపర్లన్ని చదివి ఏది ఏం చేస్తదో రాసిన్రు. అది నాకు గౌరవమే. అక్కడికెల్లి కొత్త గోలీ ఏదీ నా టీబీ పేషంట్ల చేతికి ఇంకా రాలే, నిజం చెప్పాలె గదా. కానీ చేసిందంతా అందరికీ తెరిచి పెట్టిన్రు. మీ పోటీ కాయిదం గూడ మంచిగ చదువు, శాన పోటీలల్ల గెలిచినోడి పని మొత్తం పైసలిచ్చినోళ్లకే పోతది. మా ఊరి పిల్లల ఫొటోలు రేపు ఎవరన్న అమ్ముకుంటే నేను ఏ మొఖం పెట్టుకోని ఇండ్లకు పోవాలె.

పెండ్లీడు పిల్లలు నవ్వేటప్పుడే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంటరు. కాబట్టి మొఖం పడొద్దు, పెదవుల కాడికే తియ్యాలె, తల్లిదండ్రుల సంతకం కావాలె, ఆ కాయిదం తెలుగులనే ఉండాలె. సదువురానోళ్లకు ఫోన్ల మాట్లాడి చెప్పే తీరు పెట్టుండ్రి. వచ్చే ఆదివారం నువ్వు, నీ టీం రాండ్రి, ఆశమ్మలను, పదిమంది తల్లులను కూసోబెడ్త, ముందుగాల వాళ్లను మాట్లాడనిచ్చి మీరు రాసుకోండ్రి. వచ్చేటప్పుడు ఫ్లోరైడ్ టెస్ట్ కిట్ దొరికితే తీస్కరా, ఇక్కడ ఉన్నదాంట్ల మందు అయిపోయింది.

మీ అమ్మ