ప్రెషర్ పెట్టి తీశారా?

సంపాదకుల వారికి,

మా చెల్లెలి కొడుక్కి ఎనిమిది నెలలు. పుట్టినప్పుడు మలద్వారం లేదు, ఆ చోట చిన్న నొక్కు మాత్రం ఉంది. దాదాపు 5,000 కాన్పుల్లో ఒకరికి ఇలా ఉంటుందట, మాకు అప్పటిదాకా దీని పేరు కూడా తెలీదు. మదనపల్లె నుంచి రాత్రికి రాత్రి బెంగళూరు తెచ్చాం, మూడో రోజు కొలాస్టమీ, అంటే పేగును పొట్టమీదకి తెచ్చి మలానికి దారి పెట్టే ఆపరేషన్, చేశారు, బిడ్డ దక్కాడు. అందులో ఎవరినీ తప్పు పట్టను.

నా గొడవంతా మలద్వారం చేసే అసలు ఆపరేషన్‌కు ముందు తీసే కొలోస్టోగ్రామ్ గురించి. పొట్టమీద పెట్టిన రెండు రంధ్రాల్లో ఒకదాంట్లోంచి మలం వస్తుంది, రెండోది కింద మూసుకుపోయిన పేగుకు దారి. అందులోంచి ఎక్స్‌రేలో కనబడే మందు పంపి, పేగు ఎక్కడ ఆగిందో, మూత్రనాళంతో కలిసిందో లేదో ఎక్స్‌రేలో చూస్తారు. ఒక ఆసుపత్రిలో తీసి, పేగు చాలా పైన ఆగింది, మూత్రనాళంతో సంబంధం లేదు అని రిపోర్టు ఇచ్చారు. మా చెల్లెలు ఒప్పుకోలేదు. కొలాస్టమీకి ముందు రోజు గుడ్డమీద, మూత్రంలో పచ్చటి మరక తన కళ్ళతో చూసింది మరి. "పేగులోది ఉచ్చలోకి ఎట్లొచ్చిందన్నా?" అని నన్ను పట్టుకుంది. అక్కడ అడుగుదామంటే వాళ్ళది కన్నడం, రిపోర్టేమో ఇంగ్లీషు.

ఇంకో చోటికి పోతే అక్కడి పిల్లల సర్జన్ ఫిల్మ్ చూసి మొదట అడిగిన మాట, ప్రెషర్ పెట్టి తీశారా అని! మందు ఊరికే వదిలితే చాలదట, చుట్టూ ఉన్న కండరం పేగు చివరను నొక్కి పట్టడంతో మందు అక్కడే ఆగి, పేగు ఉన్నదానికంటే పైన ఉన్నట్టు కనిపిస్తుందట. మళ్ళీ తీశారు. లెడ్ ఏప్రన్ వేసుకుని బిడ్డ చేతులు నేనే పట్టుకున్నా. ఫోలీ గొట్టం పెట్టి, మందు వెనక్కి కారకుండా దాని బెలూన్ ఉబ్బించి, సిరంజితో గట్టిగా నెట్టారు. నొక్కు దగ్గర చిన్న లోహపు గుండు అతికించారు, అక్కడి నుంచి పేగు ఎంత దూరమో కొలవడానికి. తెరమీద పేగు నిండీ నిండీ చివర్లో దారమంత సన్నటి గీత మూత్రనాళంలోకి పోయింది. 1982లో పేన్యా, డి వ్రీస్ అనే సర్జన్లు ప్రచురించిన పద్ధతిలో వెనకనుంచి కోసి చేస్తారు కదా, ఆ గీత ఎక్కడుందో తెలీకుండా కోస్తే దెబ్బ మూత్రనాళానికే.

ఇంకోటి. ఇలాంటి పిల్లలకు వెన్నుపాములో కూడా లోపముందేమో చూడాలట. వెన్నుపామును మామూలు అల్ట్రాసౌండ్‌తో చూడటం మొదటి కొన్ని నెలల్లోనే వీలు, ఎముక గట్టిపడ్డాక ఎమ్మారై తప్పదు. మాకా ముక్క ఎవరూ చెప్పలేదు, గడువు దాటిపోయింది.

మీ ఆరోగ్యం పేజీలో ఈ పరీక్ష గురించి ఒక్కసారి బొమ్మతో వేయండి, ఇక్కడికి వైద్యానికొచ్చే మన చిత్తూరు, అనంతపురం వాళ్ళకైనా పనికొస్తుంది. మావాడికి వచ్చే నెల ఆపరేషన్. ఫిల్ములూ సీడీ చెల్లెలు బిడ్డ బట్టల సంచిలోనే పెట్టుకుంది, అడిగినా నాకివ్వట్లేదు.

ఇట్లు,
ఒక మేనమామ, మారతహళ్ళి, బెంగళూరు